శాపానికి తలాతోకా లేదని ఎవరన్నారు?

హన్మకొండ కాలనీ గ్రూపుల్లో ఓ ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. ఫాంటసీ గేముల్లో శాపాలకు తలాతోకా ఉండదట, మన పురాణాల్లో శాపమంటే తిరుగులేనిదట, గేముల్లో మాత్రం ఇంత మందు తాగితే పోతుందట, ఇవి ఆడీ ఆడీ పిల్లలు చేతబడిని నమ్మేస్తున్నారట. రాసినాయన గేములు ఆడలేదంటే సరే, పురాణం కూడా సరిగ్గా చదివినట్టు లేదు.

తలాతోకా సంగతి ముందు. మైన్‌క్రాఫ్ట్ అనే వీడియో గేములో బైండింగ్ శాపమున్న హెల్మెట్ పెట్టుకుంటే మనంతట మనం తీయలేం, అది అరిగి విరిగిపోవాలి, లేదా మనం చావాలి. అదే శాపాన్ని చెక్కిన గుమ్మడికాయకు పెట్టి నెత్తికి తగిలించుకున్నారనుకోండి, దానికి అరుగుదలే లేదు కాబట్టి చావొక్కటే దారి, అప్పటిదాకా ఆ కళ్ల కంతల్లోంచే చూస్తూ ఆడాలి (దిష్టికని మనం గుమ్మానికి కట్టేది అక్కడ నెత్తికెక్కి కూర్చుంటుంది). వస్తువు మీది మంత్రాలను చెరిపేసే గ్రైండ్‌స్టోన్ అనే రాయి మీద పెడితే మిగతా మంత్రాలన్నీ పోతాయి, శాపం ఒక్కటీ పోదు. ఇంతకంటే కచ్చితమైన రూల్ ఏముంటుంది?

మందు తాగితే పోతుందా? 2011లో వచ్చిన డార్క్ సోల్స్ గేములో బాసిలిస్క్‌లనే జంతువులు వదిలే శాపపు పొగ ఒంటికి ఎక్కువైతే బిగుసుకుపోయి చస్తాం, లేచాక ప్రాణం సగమే ఉంటుంది, ఆ శాపం తీసే పర్జింగ్ స్టోన్ లాంటిది దొరికేదాకా ఆ సగంతోనే ఈడ్చాలి. బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గేము ఐదో ఎడిషన్‌లో రిమూవ్ కర్స్ అనే మంత్రం వేస్తే, శాపమున్న వస్తువును మనిషి వదిలించుకోగలడు అంతే, వస్తువు మీది శాపం అట్లనే ఉంటుంది. తర్వాత అది ఎవరి చేతిలో పడితే వాళ్ల ఖర్మ.

ఇక మన శాపాలు తిరుగులేనివన్న మాట. జయవిజయులకు మూడు జన్మలని గడువు పెట్టారు, అహల్యకు రాముడు రావాలని దారి చూపారు. శాపం పెట్టేవాడికీ ఖర్చుంది: విశ్వామిత్రుడు రంభను పదివేల ఏళ్లు రాయివై పడుండమని శపించి, ఆ కోపంలో కూడబెట్టుకున్న తపస్సంతా పోగొట్టుకున్నాడు. గేముల్లో మానా (మంత్రాలు వేసే శక్తి) అయిపోవడమంటే ఇదే కదా! పరీక్షిత్తుకు ఏడు రోజుల్లో పాము కాటన్న శాపం మాత్రం నిజంగానే తప్పలేదు, శపించిన కుర్రాణ్ని కన్నతండ్రి శమీకుడే తప్పుబట్టినా ఆగలేదు. కానీ ఆ ఏడు రోజుల గడువు ఉండబట్టే శుకుడు చెప్పాడు, రాజు విన్నాడు, మన బమ్మెర పోతనకు తెలుగులో రాయడానికి భాగవతం దొరికింది.

పిల్లలు నమ్మేస్తారన్నదే నాకు ఒళ్లు మండించింది. 2022లో జగిత్యాలలో మంత్రాలు చేస్తున్నారన్న అనుమానంతో ఓ తండ్రినీ ఇద్దరు కొడుకులనూ చంపేశారు. ఇట్లాంటి అనుమానాలు వీడియో గేములు రాకముందు నుంచీ ఉన్నవే. గేములో శాపం ఎక్కడ తగిలిందో తెలుస్తుంది, పోయే దారి ఉంటే అదీ తెలుస్తుంది. ఊళ్లో చేతబడి అన్నప్పుడు అదేమీ ఉండదు, పిల్లాడికి జ్వరం తగ్గకపోయినా, బర్రె పాలివ్వకపోయినా ముందే అనుకున్న మనిషి మీదికే పోతారు. ఆ మాట పిల్లలు వింటున్నది ఫోన్‌లో కాదు, ఇంట్లో పెద్దవాళ్ల నోటినుంచి.