గట్టెక్కే దారి ఎటు?

కార్తీక సోమవారం తెల్లవారుజామున శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున నడుస్తుంటే ఒక మామ్మ ఆపింది. చేతిలో అరటిదొప్ప, అందులో ఒత్తి, కొంగు చాటున అగ్గిపెట్టె. "నీటి కాడికి ఎల్లాలంటే ఎటేపు బావూ?" అంది. ఏరు ఎదురుగానే ఉంది. మధ్యలో ఇనుప కంచె. గేటు ఎక్కడో వెనక, ఆమె నడకకు పావుగంట. ఒత్తి వెలిగించి, దొప్పను కంచె మొదట్లోనే పెట్టి, ఊచల సందులోంచి ఏటికి దండం పెట్టుకుని వెళ్లిపోయింది.

నది పక్కన నడక దారిని పొడిగించాలన్న మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ దొప్పే గుర్తొస్తుంది. పొడిగించాల్సిందే, అందులో పేచీ లేదు. కానీ ఎన్ని కిలోమీటర్లన్నది రెండో ప్రశ్న. ఎన్ని వీధుల నుంచి ఎక్కొచ్చన్నది మొదటిది. మన దగ్గర టైల్స్, లైట్లు, ఎర్ర గుండె బొమ్మతో సెల్ఫీ బోర్డు, అన్నీ డ్రాయింగులో ఉంటాయి. సందు చివర నాలుగు మెట్లు మాత్రం "తర్వాత చూద్దాం".

తర్వాత కుదరదు. చక్రాల కుర్చీ ఎక్కాలంటే ప్రతి అడుగు ఎత్తుకూ 12 అడుగుల వాలు కావాలి. గట్టు 10 అడుగులుంటే ర్యాంపు 120 అడుగులు, మధ్యలో ఆగడానికి చదును చోటు అదనం. గోడ కట్టేశాక, పక్కన మేడలు లేచాక ఆ 120 అడుగులు ఎవరి జాగాలోంచి తెస్తారు? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేరు చెప్పి చివర్లో ఒక నిటారు సిమెంటు జారుడుబల్ల పోస్తారు. దాని మీద కుర్చీ కాదు కదా, మోకాలి ఆపరేషన్ అయిన మా పక్కింటి మాస్టారు కూడా ఎక్కలేరు. మామూలు మనిషి అయిదు నిమిషాల్లో సుమారు 400 మీటర్లు నడుస్తాడు. కనీసం అంత దూరానికొక చోట గట్టెక్కే వీలు లేకపోతే ఆ నడక దారి బైకు మీద వచ్చి వాకింగ్ చేసేవాళ్లదే అవుతుంది.

దారులు ఎక్కువైతే తాగుబోతులు చేరతారు, చెత్త వేస్తారు, గేటూ టికెట్టూ ఉంటేనే శుభ్రంగా ఉంటుందని కొందరి వాదన. వరద భయం కూడా ఉంది. ఒడిశా కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే ఏరు పొంగుతుంది. సరే, ఆ రోజుల్లో గొలుసు వేయండి. ఏడాది పొడవునా తాళం ఎందుకు? తాగేవాడు వెతికేది మనుషులు లేని చోటునే. విజయనగరం అయ్యకోనేరు చూడండి, గట్టు మీదే ఇళ్లు, వీధులు. అక్కడ ఎవరేం చేసినా ఏదో కిటికీలోంచి ఒక కన్ను చూస్తూనే ఉంటుంది.

అసలు పోయింది మెట్లు కాదు, రేవు. బట్టలకో, బిందెకో, స్నానానికో రోజూ ఏట్లో దిగిన ఊరు ఇది. కుళాయి వచ్చింది, మంచిదే. కానీ దిగడం మానేశాక నీళ్ల రంగు మారినా అడిగే నాథుడు లేడు. కాలవలన్నీ ఏటికి తిప్పితే వాసన ముందుగా తగిలేది రేవులో కాలు పెట్టినవాళ్లకే. ఆ కాలు లేకుండా చేసి, పైనుంచి "నదిని కాపాడుదాం" అని బోర్డు పెడితే కాపాడేదెవరు? నాగలితో చాలు గీసి ఈ ఏటిని తెచ్చాడని చెప్పుకునే బలరాముడు, కోటేశ్వరుడి పేరుతో శివుణ్ని ఒడ్డునే నిలిపాడు, కంచె అవతల కాదు.

టెండరు పిలిచే ముందు ఆ డ్రాయింగును ఒడ్డు వార్డుల సచివాలయాల గోడకు అంటించండి, పక్కన ఒక పెన్ను వేలాడదీయండి. చాకిరేవు వాళ్లు, వల వేసేవాళ్లు వచ్చి ఏ సందు ఎక్కడ ఏట్లో దిగేదో గీసి చూపిస్తారు. వరద నీళ్లు ఏ మెట్టు దాకా వస్తాయో కూడా వాళ్లే చెబుతారు.