మట్టిని క్రమబద్ధీకరించగలరా?

హైదరాబాద్ సిద్దిఖ్‌నగర్‌లో 2024 నవంబరులో ఒరిగిన భవనాన్ని మర్నాడే కూల్చేశారు. అంతటితో బాధ్యత తీరిందని అధికారులు అనుకున్నారు. సుమారు 50 గజాల జాగాలో పలు అంతస్తులు లేస్తున్నప్పుడు వీరంతా ఎక్కడున్నారు? పక్క స్థలంలో పునాది గుంతలు తవ్వుతుంటే ఆపినవారెవరు? ఆ రాత్రి కట్టుబట్టలతో వీధిన పడ్డది మాత్రం అద్దెకున్నవారు.

అక్రమంగా కట్టనివ్వడం, ఆపై రుసుము కట్టించుకుని సక్రమమని ముద్ర వేయడం మన ప్రభుత్వాలకు అలవాటైపోయింది. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో బీపీఎస్ (జరిమానా కట్టించుకుని అక్రమ కట్టడాలను క్రమబద్ధీకరించే పథకం) తెచ్చారు. 2015లో రెండు రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. 2019లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ తలుపులు తెరిచింది. జరిమానా లెక్కించేది విస్తీర్ణాన్ని, స్థలం విలువను బట్టి. చెరువు పూడ్చిన జాగా అయినా, గట్టి మొరం నేల అయినా లెక్క అదే. రుసుము కడితే బంకమట్టి గట్టిపడదు.

నీటితో నిండిన మెత్తని బంకమట్టి మీద బరువు పెడితే ఆ నీరు వెంటనే బయటికి పోదు. నెలలు, ఏళ్లు పడుతుంది. అది పోయేకొద్దీ నేల అణుగుతూనే ఉంటుంది. గృహప్రవేశం నాటికి నిటారుగా ఉన్న ఇల్లు పదేళ్లకూ అలాగే ఉంటుందన్న భరోసా లేదు. భవనమంతా సమానంగా దిగితే కొంత నయం. ఒక మూల ఎక్కువ, మరో మూల తక్కువ దిగితేనే దూలాలు చీలతాయి, స్తంభాలు ఒరుగుతాయి. మెత్తని బంకమట్టిపై విడివిడి పునాదులతో కట్టే ఆర్‌సీసీ (ఉక్కు కడ్డీల కాంక్రీటు) భవనం 75 మిల్లీమీటర్లకు మించి కుంగకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 చెబుతోంది. బోరు వేసి మట్టి నమూనా తీయనిదే ఆ కుంగుబాటును ఎలా లెక్కగడతారు? రాఫ్ట్ (భవనమంతటికీ ఒకే పలక పునాది) వేయాలా, గట్టి పొర దాకా పైళ్లు (లోతైన పునాది స్తంభాలు) దించాలా, ముందే మట్టి గుట్ట పోసి నీటిని పిండేయాలా అన్నది తేల్చేది ఆ నమూనాయే. చెరువు పూడ్చిన చోట పైళ్లు వేసినా గండం తప్పదు. కొత్తగా పోసిన మట్టి కుంగుతూ వాటినీ కిందికి లాగుతుంది. మేస్త్రీ అనుభవం ఒక్కటే దీనికి చాలదు.

మట్టి పరీక్ష చిన్న ఇళ్లవారికి భారమని, అనుమతుల చిక్కులు తగ్గించాలని వాదించేవారున్నారు. తగ్గించవలసిందే. కానీ 75 గజాల లోపు స్థలంలో కింది అంతస్తు, దానిపై మరొక అంతస్తు వరకు ఉండే ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్న 2020 నాటి తెలంగాణ వెసులుబాటు, అదే జాగాలో నాలుగైదు అంతస్తులు లేపేవారికి వరం కాకూడదు. ఈ రోజు ఒకరిని క్షమిస్తే రేపు పక్కవాడు అదే ధైర్యంతో గునపం పడతాడు.

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకుని వెళ్లిన కూలీలు వారిలో ఎందరో. దాని జంట భవనాన్ని 2016లో పేల్చి నేలమట్టం చేశారు. ఆ శవపేటికలు మన ఊళ్లకే వచ్చాయి. అయినా మన పురపాలక శాఖలకు చీమ కుట్టినట్లయినా లేదు.

మట్టి పరీక్ష నివేదిక లేని బహుళ అంతస్తుల దరఖాస్తును, క్రమబద్ధీకరణ దరఖాస్తు సహా, తిరస్కరించాలి. పునాది గుంత పూడ్చకముందే ఇంజినీరు దిగి చూసి సంతకం చేయాలి. భవనం ఒరిగితే ఆ సంతకం చేసినవారినే ముందు నిలదీయాలి. అంత మాత్రం చేయలేనివారు జనం దగ్గర జరిమానా వసూలుకు చేయి చాచవద్దు.