నాచు సారం షుగర్ మాత్రను ఓడించిందా? ఏ ఎంజైమ్ మీద?

సముద్రపు నాచు సారం షుగర్ మాత్ర అకార్బోస్ కంటే బాగా పనిచేసిందని వార్త రాగానే ఫ్యామిలీ గ్రూపులో పెట్టేసేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువేమీ లేరు. వార్త అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ సంగతి ఎలా తేల్చారన్నది చూడాలి.

మనం తిన్న అన్నంలోని పిండిని గ్లూకోజ్‌గా విడగొట్టే చివరి పని పేగు గోడల మీదుండే ఆల్ఫా గ్లూకోసిడేస్ ఎంజైమ్‌లది. వాటిని కాస్త అడ్డుకుంటే తిన్న వెంటనే షుగర్ అమాంతం పెరగదు. మట్టిలోని బ్యాక్టీరియా నుంచి వచ్చిన అకార్బోస్ చేసేది ఇదే. ల్యాబ్‌లో పరీక్ష సులువు. ఎంజైమ్ తన పని చేస్తే ద్రావణం పసుపు రంగుకు తిరుగుతుంది. నాచు సారం కలిపాక పసుపు తగ్గితే ఎంజైమ్ ఆగినట్టు లెక్క.

చిక్కల్లా ఇక్కడే. సులువుగా దొరుకుతుందని చాలా ల్యాబుల్లో ఈస్ట్ ఎంజైమ్ వాడతారు. మన పేగులోది వేరు. ఈస్ట్ ఎంజైమ్ మీద అకార్బోస్ ప్రభావం మామూలుగానే అంతంతమాత్రం. కాళ్లు కట్టేసినవాడితో పరుగు పందెం పెట్టి గెలిచామన్నట్టుంటుంది ఈ పోలిక. పైగా గోధుమరంగు నాచుల్లోని ఫ్లోరోటానిన్లు టానిన్ జాతివి, దొరికిన ప్రోటీన్‌కల్లా అతుక్కునే రకం. ఎంజైమూ ప్రోటీనే కదా! ఆ అతుకు వదిలేలా చిటికెడు డిటర్జెంట్ కలిపి మళ్లీ చూస్తే అనుమానం కొంతైనా తీరుతుంది. ఆ మాత్రం కూడా చేయని పేపర్‌ను నేను సగమే నమ్ముతాను.

అలాగని సముద్రాన్ని తీసిపారేయలేం. బ్లడ్ క్యాన్సర్‌కు ఇచ్చే సైటారబిన్‌కు దారి చూపింది కరీబియన్ సముద్రపు స్పాంజే. 1950ల మొదట్లో వెర్నర్ బెర్గ్‌మన్ అనే కెమిస్టు అందులో మామూలుగా ఉండే రైబోస్ చక్కెరకు బదులు అరబినోస్ చక్కెర ఉన్న న్యూక్లియోసైడ్లను (డీఎన్ఏ, ఆర్ఎన్ఏలను కట్టే ఇటుకల్లాంటివి) గుర్తించాడు. ఆ నమూనా చూసి కెమిస్టులు తయారుచేసిన సైటారబిన్, శరీరంలో రూపం మార్చుకుని, డీఎన్ఏకు నకలు తీసే ఎంజైమ్ డీఎన్ఏ పాలిమరేస్‌ను అడ్డుకుంటుంది. 1969లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇవాళ ఆ ఇంజెక్షన్ కోసం ఒక్క స్పాంజినీ కోయనక్కర్లేదు.

అన్ని కథలూ ఇలా ముగియవు. బహామాస్ సముద్రపు మట్టిలోని సాలినిస్పోరా బ్యాక్టీరియా ఇచ్చిన మారిజోమిబ్ అనే అణువు, కణంలో అక్కర్లేని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియాసోమ్‌ను గట్టిగానే అడ్డుకుంటుంది. దాన్ని ఉప్పునీటి ఫర్మెంటేషన్‌లో తయారుచేశారు. ఉప్పేమో స్టీలు ట్యాంకులను తినేస్తుంది. ఇన్ని తంటాలు పడ్డా, మెదడు క్యాన్సర్ మూడో దశ ట్రయల్‌లో అది రోగుల ఆయుష్షు పెంచలేకపోయింది.

మరి సముద్రమే లేని హైదరాబాద్‌కు ఇందులో ఏం పని? నా లెక్కలో అసలు పని ఇక్కడే ఉంది. నాచు ఏరడం తీరంలోవాళ్లు చూసుకుంటారు. అణువును విడదీసి, నిగ్గుతేల్చి, గ్రాముల నుంచి కిలోలకు తీసుకెళ్లే చేయి తిరిగిన కెమిస్టులు తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలోనూ, బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ తర్వాత ఊరి చుట్టూ పెరిగిన బల్క్ డ్రగ్ కంపెనీల్లోనూ ఉన్నారు. జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఐఐసీటీ పక్కనే ఉంది. ఎంతసేపూ పేటెంట్ ముగిసిన మందుల మీదే వీళ్ల కళ్లు. 2021లో కేంద్రం 4,077 కోట్లతో ఆమోదించిన డీప్ ఓషన్ మిషన్‌లో సముద్రగర్భ జీవుల అన్వేషణ కూడా ఒక భాగం. ఆ నమూనాల్లో కొన్నైనా తార్నాకకు రావాలి. మనిషి పేగు ఎంజైమ్ మీద, డిటర్జెంట్ కలిపిన పరీక్షలో నిలబడని సారానికి తర్వాతి విడత నిధులు ఆపేయాలి. ఆ విఫలమైన ఫలితాన్ని కూడా పేపర్‌గా వేయాలి.