కొండ మీద ఊరికి రసీదు పుస్తకం ఎందుకు?

పాడేరు దాటాక ఒక కొండ మీద ఊరికి వెళ్లొచ్చాను. పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారానికి మీరంతా కార్లేసుకుని దిగిపోతారు, అప్పుడు నాకు పార్కింగ్ దొరకదు. వచ్చి మూడు రోజులైనా మనసు కుదుటపడలేదు. కారణం ఒక్కటే, ఆ ఊళ్లో టూరిజాన్ని ఊరివాళ్లే నడుపుకుంటున్నారు. కాంట్రాక్టరు లేడు, రిసార్టు లేదు, మన వైపు నుంచి వెళ్లిన మేనేజరు ఒక్కడంటే ఒక్కడు లేడు. ఒక కమిటీ అట. ఇంటికొకరట.

అసలు మనం ఈ గిరిజనుల ఏజెన్సీకి ఎందుకు వెళ్తాం? అమాయకత్వం చూడటానికి. హైదరాబాద్ నుంచి రాత్రంతా బండి నడిపి, ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లాడు రెండుసార్లు వాంతి చేసుకున్నా ఆపకుండా వెళ్లేది, డబ్బు లెక్క తెలియని మనుషుల పక్కన నిలబడి ఫొటో దిగి, ఎంత స్వచ్ఛమైన జీవితమో అని పెట్టుకోవడానికే కదా. అలాంటిది ఊరి మొదట్లోనే వెదురు గడ అడ్డం పెట్టి, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక కుర్రాడు రసీదు పుస్తకం పట్టుకుని కూర్చుంటే ప్రాణం ఎలా ఉంటుంది?

"కారుకి యాభై, మనిషికి ఇరవై సార్."

"తమ్ముడూ, ఈ కొండ ఎవరిది?" అన్నాను, కాస్త లా పాయింటు లాగుదామని.

"మాదే సార్."

లా పాయింటు అక్కడితో అయిపోయింది.

తర్వాత డిక్కీ తీయమన్నాడు. నీళ్ల సీసాలు లెక్కపెట్టి, ఆరింటి మీదా మార్కర్‌తో మా కారు నంబరు చివరి అంకెలు రాశాడు. చిప్స్ ప్యాకెట్లు కూడా లెక్కే, పదకొండు. వేరే రకం సీసాలు రెండుంటే, అవి గేటు దగ్గరే ఉంటాయి సార్, వెళ్లేటప్పుడు ఇస్తాను అని వాటికి విడిగా రసీదు రాశాడు, మా ఆవిడ ముందే. మొత్తానికి డిపాజిట్ రెండు వందలు. ఖాళీ సీసాలు, కవర్లు లెక్క తప్పకుండా తిరిగి తెస్తే వాపసు. చెత్తకు పూచీకత్తు అడిగే ఊరిని నా జన్మలో చూడలేదు.

ఈ జబ్బు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. వంజంగి దగ్గర. కొన్నేళ్ల కిందట అక్కడి మేఘాలు ఫోన్లలో తిరగడం మొదలుపెట్టగానే మనం ఎంత ఉత్సాహంగా వెళ్లాం! తెల్లారకముందే టార్చిలు వేసుకుని కొండెక్కి, సూర్యుడు వచ్చేలోపు చలికి తట్టుకోలేక కప్పుల్లో నూడిల్స్ తిని, ఆ కప్పులు అక్కడే వదిలాం. పాలసముద్రంలాంటి మేఘాలు కదా, కనపడలేదు. పొద్దెక్కి మేఘాలు విడిపోయాక కనపడ్డాయట. దానికి మనమేం చేస్తాం? లంబసింగి సంగతీ అంతే. బయట పడుకుంటే కర్రలా బిగుసుకుపోతారని ఆ ఊరిని కొర్రబయలు అనుకునేవాళ్లు వాళ్లు. దానికి ఆంధ్రా కశ్మీర్ అని పేరు పెట్టి పుణ్యం కట్టుకున్నది మనం. ఇక అరకు దారిలో వలిసె చేలు. అది నూనె గింజల పంట, నవంబరు, డిసెంబరుల్లో కొండ మొదలంతా పచ్చగా పసుపు పోసినట్టు పూస్తుంది. మనం చేలోకి దిగి నాలుగు ఫొటోలు తీసుకుంటే రైతు వచ్చి మనిషికింత ఇవ్వమంటున్నాడు. మా తాతగారి మిరప చేలో ఎవరైనా అలా దొర్లి ఉంటే ఆయన డబ్బులడిగేవాడు కాదు, కర్ర తీసేవాడు. అది వేరే సంగతి.

సరే, ఊళ్లోకి వద్దాం. మధ్యాహ్నం మూడింటికి థింసా డాన్సు పెట్టించమన్నాను. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా అడుగులేస్తుంటే మధ్యలో మా ఆవిడ దూరుతుంది, రీలుకి బాగుంటుంది. కుదరదన్నారు. అందరూ కాఫీ తోటలో ఉన్నారట. మేం దిగిన ఇంటావిడ బుట్ట నడుముకు కట్టుకుని బయల్దేరుతూ, "పండు ఎర్రబడ్డాక ఆగదు బాబూ, కావాలంటే మీరూ రండి, ఏరుదురుగాని" అంది. పండు ఆగదట, నేను ఆగాలట. సిల్వర్ ఓక్ చెట్ల కింద ఒక గంట ఏరాను. చెట్టుకు మిరియం తీగ, నీడలో కాఫీ మొక్క, నా చేతికి చీమలు. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ప్రాంతపు సరుకే అన్న ముద్ర, వచ్చినప్పుడూ, అంతకు ముందు 2017లో పారిస్‌లో కొట్టు తెరిచినప్పుడూ గర్వంతో స్టేటస్ పెట్టినవాణ్ని నేను. సాయంత్రం ఆవిడ అరుగు మీద అదే కాఫీ గ్లాసు ముప్పై రూపాయలంటే మాత్రం ఇరవైకి బేరమాడాను. గర్వం గర్వమే, బేరం బేరమే.

ఇక అసలు పని మీదకు వచ్చాను. వ్యూ పాయింటు పక్కన ఓ అరెకరం ఇప్పిస్తారా, చిన్న ఫామ్‌హౌస్ వేసుకుంటాను అని పెద్దాయన్ని మెల్లగా అడిగాను. ఆయన చుట్ట నోట్లోంచి తీయకుండానే "వన్ సెవెంటీ" అన్నాడు. అంటే, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లకూడదని 1970 నుంచి గట్టిగా ఉన్న నిబంధన. టూరిజం కోసం దాన్ని సవరిస్తే పోలా అని పైనుంచి ఒక మాట వినిపించినందుకే 2025 ఫిబ్రవరిలో ఏజెన్సీ అంతా రెండు రోజుల బంద్‌కు దిగింది. నా అరెకరం గురించి అంత పట్టుదల అవసరమా?

అన్నిటికంటే బాధపెట్టింది బడి గోడ. దాని మీద కమిటీ లెక్కలు రాసి ఉన్నాయి, అందరికీ కనపడేలా. బడి రేకులు ఇంత. దారి మీద రాళ్లు తీసిన కూలి ఇంత. జీపు డీజిలు, రాత్రిపూట, పాడేరు ఆసుపత్రికి, రెండుసార్లు. కొండల్లో పురుటి నొప్పులొచ్చిన మనిషిని డోలీ కట్టి మోసుకెళ్లారని పేపర్లో చదివినప్పుడల్లా అయ్యో అనుకునేవాణ్ని. అయ్యో అనడం నా వంతు, దాన్ని ఏనాడూ ఎగ్గొట్టలేదు. కానీ నా పార్కింగ్ యాభై డీజిలుగా మారి రాత్రిపూట ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్లిందంటే, ముందు నన్నొక మాట అడగాలా వద్దా?

దిగేటప్పుడు గేటు దగ్గర లెక్క. కవర్లు పదకొండూ ఉన్నాయి, సీసాలు ఐదు. ఆరోది లోయలో పడిపోయిందన్నాను.

"పడలేదు సార్, విసిరారు. మా చెల్లి చూసింది."

డిపాజిట్ పోయింది. ఫిర్యాదు చేయాలన్నాను. వెంటనే పుస్తకం తీసిచ్చాడు, దానికీ ఒక పుస్తకం ఉంది. నాకంటే ముందు ఎవరో రాశారు: "మేఘాలు రాలేదు. డబ్బు వాపసు ఇవ్వాలి." కింద జవాబు: "మేఘాలు కమిటీలో లేవు." ఆ తర్వాతి పేజీలో: "కోడి తెల్లవారుజామున నాలుగింటికే కూసి నిద్ర చెడగొట్టింది." కింద: "మర్నాడు వచ్చిన పార్టీకి బొంగులో చికెన్ పెట్టాం. ఇక కూయదు."

నేను పేజీన్నర రాశాను. ఆతిథ్యం, అతిథి దేవుడు, అమాయకత్వం, అన్నీ వచ్చేలా రాసి, ఫోన్ నంబరు వేసి సంతకం పెట్టాను. ఈ రోజు పొద్దున వాట్సాప్‌లో ఫొటో వచ్చింది. నా పేజీన్నర కింద బాల్ పెన్నుతో:

"సీసా దొరికింది. మీకు ఇవ్వాల్సిన డిపాజిట్ 200. లోయలోకి దిగిన మనిషికి కూలి 200. చెల్లు."