కాంట్రాలో పూలు పంచామా ఏంది?

మళ్లీ వచ్చింది ఆ మెసేజ్. ఈసారి మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో. అంతకుముందు అపార్ట్‌మెంట్ గ్రూపులో చూశాను, దానికి ముందు ఒంగోలు నుంచి మా బావ పంపాడు. మధ్యలో ఎవరో వయొలిన్ మ్యూజిక్ తగిలించి వీడియో కూడా చేశారు. "మన 90ల ఆటలు, నేటి పిల్లల గేములు: ఏడు చేదు నిజాలు" అని హెడ్డింగు. "కళ్లు చెమర్చాయి రా" అని కావలి నుంచి ఒకడు, దాని కింద వరసగా దండాలు. మనకెందుకులే, గమ్మునుందాం అనుకున్నాను. కానీ నేను నెల్లూరులో మొబైల్ రిపేరు షాపు పెట్టుకుని బతికేవాణ్ని, చిన్నప్పుడు టీవీ గేము కోసం తన్నులు తిన్నవాణ్ని. ఎంతసేపని ఊరుకుంటాను?

మొదటి చేదు నిజం: "పబ్జీ మన పిల్లల్ని చెడగొట్టడానికి చైనా వాడు చేసిన ఆట." చేసింది దక్షిణ కొరియా కంపెనీ. ఆలోచన బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ ఆయనది. 2018లో దాన్ని ఫోన్లలోకి తెచ్చేటప్పుడు చైనా కంపెనీ టెన్సెంట్ చెయ్యి కలిపింది, అంతవరకు నిజం. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు చెప్పిన కారణం దేశ భద్రత, డేటా. పిలకాయల చదువులు కాదు. పదండి ముందుకు.

రెండోది: "మన ఆటల్లో హింస లేదు. మారియో, కాంట్రా... ఎంత అమాయకమైన ఆటలు!"

మారియో సరే, తాబేళ్లను తొక్కడం తప్ప పాపం ఎరగడు. కాంట్రా అమాయకమా? నీలం ప్యాంటు ఒకడు, ఎర్ర ప్యాంటు ఒకడు, ఒంటి మీద చొక్కాల్లేకుండా మిషన్ గన్లు పట్టుకుని, కనబడ్డవాణ్ని కనబడ్డట్టు కాల్చుకుంటూ కుడివైపుకు పరిగెత్తడమే కదా ఆ ఆట. ఎస్ అక్షరం గన్ను దొరికితే ఒక్క దెబ్బకు ఐదు గుండ్లు విసనకర్రలా విచ్చుకునేవి, ఇల్లంతా మన అరుపులే. అక్కడేమన్నా పూలు పంచామా ఏంది? అదే ఆటను ఐరోపాలో 'ప్రొబోటెక్టర్' అని పేరు మార్చి, మనుషుల స్థానంలో రోబోలను పెట్టి అమ్మారు. హింస విషయంలో జర్మనీ లాంటి చోట్ల అంత పట్టింపు మరి. వాళ్లు మనుషుల్ని తీసేసి అమ్ముకున్న ఆటను మనం అన్నం తింటూ ఆడాం.

1992లో వచ్చిన మోర్టల్ కాంబాట్‌లో అయితే ఓడినవాడి తలను వెన్నెముకతో సహా పీకి చూపించేవాడు ఒకడు. దాని మీద 1993 డిసెంబర్‌లో అమెరికా సెనేట్ విచారణే పెట్టింది. ఆ గొడవలోంచే 1994లో ఆటల మీద వయసు రేటింగులు వచ్చాయి. అంటే ఈ మెసేజ్ దేన్ని బంగారు కాలం అంటోందో సరిగ్గా ఆ కాలంలోనే, ఆ ఆటల్నే చూపించి, ఈ తరం చెడిపోతోందని పెద్దమనుషులు గుండెలు బాదుకున్నారు. ఆ లెక్కన మా బ్యాచ్ అంతా ఈపాటికి సెంట్రల్ జైల్లో ఉండాలి. సగంమంది రొయ్యల గుంటలు చూసుకుంటున్నారు, మిగతా సగం ఈ మెసేజ్‌లు పంపుకుంటున్నారు.

మూడోది: "మన ఆటలకు పైసా ఖర్చు లేదు." అబ్బో. సినిమా హాళ్ల పక్క సందుల్లో ఉండే వీడియో గేమ్ షాపుల్ని అప్పుడే మర్చిపోయారా? మనమంతా ముస్తఫా అని పిలుచుకున్న ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్', 1993లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ తెచ్చింది. మనవాడు చచ్చిపోగానే స్క్రీన్ మీద అంకెలు కిందికి దిగేవి, తొమ్మిది, ఎనిమిది, ఏడు... ఆ లోపల ఇంకో బిళ్ల వెయ్యకపోతే అక్కడిదాకా ఆడిందంతా పోయినట్టే. ఆ అంకెలు దిగుతుంటే పెన్సిలుకని ఇచ్చిన రూపాయి కూడా మిషన్ నోట్లో పడేది. పిల్లాడి టెన్షన్‌ను బిళ్లలుగా మార్చే విద్య ఈరోజుది కాదు, ఆ మిషన్లను కట్టిందే అందుకు. ఇంట్లో టీవీ గేము సంగతంటారా, మనలో చాలామంది ఆడింది జపాన్ కంపెనీ నింటెండో చేసిన అసలుది కాదు, దాని నకలు. పెట్టె మీద 'లిటిల్ మాస్టర్' అనో 'మీడియా' అనో ఉండేది. క్యాసెట్టు మీద 9999 ఆటలని రాసుండేది, కిందికి దిగితే అవే పాతిక ఆటలు పేర్లు మార్చుకుని తిరుగుతుండేవి. దొంగ కాపీ కాబట్టి చవగ్గా దొరికింది. దాన్ని తీసుకొచ్చి సంస్కారం కింద రాసుకుంటే ఎట్టా?

నాలుగోది: "తుపాకీతో బాతుల్ని కొట్టి మన గురి పెరిగింది." టీవీ గేముతో వచ్చిన ఆ ప్లాస్టిక్ తుపాకీలోంచి ఏమీ బయటికి రాదు సామీ. ట్రిగ్గర్ నొక్కగానే స్క్రీన్ లిప్తపాటు నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల పెట్టె మెరుస్తుంది. ఆ వెలుతురు తుపాకీ గొట్టంలో ఉన్న సెన్సారుకు తగిలిందా, బాతు చచ్చినట్టు. మనం టీవీ అద్దానికి గొట్టం ఆనించి కొట్టిన బ్యాచ్. గురి మాట ఎత్తకండి.

ఐదోది: "ఇప్పటి పిల్లలకు మన ఆటలిస్తే ఒక్క లెవెల్ దాటలేరు, ఓపిక లేదు." రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర అంగళ్లలో బ్రిక్ గేము కొనుక్కున్న వాళ్లందరికీ టెట్రిస్ తెలుసు. 1984లో మాస్కోలో అలెక్సీ పజిట్నోవ్ తయారుచేసిన ఆట అది. దాని నింటెండో వెర్షన్ 1989లో వచ్చింది. మూడు దశాబ్దాలు దాటినా మనిషన్నవాడెవడూ దాన్ని చివరిదాకా తీసుకెళ్లలేకపోయాడు. 2023 డిసెంబర్‌లో ఓక్లహోమాకు చెందిన 13 ఏళ్ల కుర్రాడు 157వ లెవెల్ దాకా ఆడితే ఇక ముందుకు పోలేక ఆటే బిగుసుకుపోయింది. పదమూడేళ్లు! మన గ్రూపులో ఎవరన్నా ఇరవయ్యో లెవెల్ చూసుంటే చెప్పండి, దండ తెచ్చి వేస్తా.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ నవ్వి వదిలెయ్యదగ్గవే. నేను ఇది రాయడానికి కూర్చున్నది ఆరో పాయింటు కోసం. మొత్తం ఇస్తున్నా: "గేములు మానసిక రోగమని ప్రపంచ ఆరోగ్య సంస్థే ప్రకటించింది. బ్లూ వేల్ వందల ప్రాణాలు తీసింది. ఈరోజు గేమ్ ఆడేవాడు రేపు హంతకుడు. ఫోన్ లాక్కోండి, ఎదురు మాట్లాడితే నేలకేసి కొట్టండి. ఒక్కరోజు ఏడుస్తాడు, జీవితాంతం బాగుపడతాడు."

కొట్టండి. నాకు బేరమే. మీరు నేలకేసి కొట్టిన ఫోను మర్నాడు నా బల్ల మీదికే వస్తుంది. మొన్నామధ్య ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు, వాడు ఇంటర్ చదువుతుంటాడేమో. ఫోను క్యారీబ్యాగులో ఉంది, ఎందుకంటే అద్దం పొడిపొడిగా రాలుతోంది. "ఎంతవుద్ది అబ్బయా?" అన్నాడు. "అద్దం, స్క్రీన్ కలిసుండే డిస్‌ప్లే కాంబో మొత్తం మార్చాలి నా, ఫ్రేము కూడా వంగింది" అన్నాను. రేటు విని కాసేపు నిలబడి, "చెయ్యి. కాలేజీ మెసేజ్‌లన్నీ దీంట్లోకే వస్తాయంట" అన్నాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ పిల్లాడు షోకేసులో వేలాడే బ్యాక్ కవర్లనే చూస్తున్నాడు. నాన్న వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. ఈ మెసేజ్ చెప్పే 'జీవితాంతం బాగుపడటం' వాడి మొహంలో నాకెక్కడా కనపడలేదు.

ఇక వాళ్లు చూపించే సాక్ష్యాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చిన మాట వాస్తవం. 2019లో ఆమోదించారు, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ఆ జాబితా చెప్పేదేమిటంటే, ఆట మీద అదుపు పోవాలి, తిండి, నిద్ర, చదువు అన్నిటికన్నా ఆటే ముందుకు రావాలి, నష్టం కళ్లెదుట కనబడుతున్నా ఆపలేకపోవాలి. అదీ మామూలుగా ఏడాదిపాటైనా సాగాలి. ఆదివారం నాలుగు మ్యాచ్‌లు ఆడినవాడు దీంట్లోకి రాడు. నిజంగా అంతదాకా వెళ్లిన పిల్లాడు ఇంట్లో ఉంటే వాడికి కావాల్సింది డాక్టరు, నేలకేసి కొట్టే నాన్న కాదు.

బ్లూ వేల్, అంటే నీలి తిమింగలం సంగతి. పిల్లలకు ఆన్‌లైన్‌లో రోజుకో పని అప్పజెప్పి చివరికి చచ్చిపొమ్మంటుందని ప్రచారమైన ఆట అది. 2017లో ఊరూవాడా వణికిపోయాం. పేపర్లలో ఏ పిల్లాడి చావు వార్త వచ్చినా దానికే అంటగట్టారు. మనవాళ్లు అడిగిన మొదటి ప్రశ్న, "ఏ యాప్ అది, ఫోన్లో ఉందేమో చూసి తియ్యి" అని. అది ప్లే స్టోర్లో దొరికే ఆట కాదు, తీయడానికి ఏముంటుంది? 2018 జనవరిలో కేంద్రం పార్లమెంటుకు చెప్పిన జవాబేమిటంటే, పరిశీలించిన ఏ ఒక్క ఘటనలోనూ బ్లూ వేల్ పాత్ర ఉన్నట్టు నిర్ధారణ కాలేదని. ఆ పిల్లలు ఎందుకు కుంగిపోయారో, ఎవరికి చెప్పుకోలేకపోయారో అడగాల్సిన చోట ఒక తిమింగలం బొమ్మ పెట్టి చేతులు దులుపుకున్నాం. ఇన్నేళ్లయినా ఆ బొమ్మనే ఫార్వర్డ్ చేసుకుంటున్నాం.

పైగా లాక్కునే పద్ధతి ఒకటుంది చూడండి. పిల్లాడు "ఈ మ్యాచ్ అయిపోగానే వస్తా" అంటే అది ఎగవేత అనుకుంటారు. మనకు స్టార్ట్ బటన్ ఉండేది, నొక్కితే మారియో గాల్లోనే ఆగేవాడు, మనం అన్నం తిని వచ్చేదాకా అట్టాగే వేలాడేవాడు. ఆన్‌లైన్ మ్యాచ్‌కు ఆ సౌకర్యం లేదు. పెద్ద మ్యాపులో చివరిదాకా నిలబడితే అరగంట పడుతుంది, అవతల ముగ్గురు ఫ్రెండ్స్ వీడి మీద ఆధారపడి ఉంటారు. మధ్యలో లాగేస్తే వాళ్ల ముందు వీడికి తలకొట్టేసినట్టుంటుంది. మ్యాచ్ మొదలుపెట్టకముందు "ఇదే లాస్ట్" అని చెప్పించుకోవడానికి డబ్బులు ఖర్చు కావు. పబ్జీ 2021లో బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చి, 2022లో ఆగిపోయి, 2023 మేలో మళ్లీ తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలని పరిమితి కూడా పెట్టారు. అయితే నా దగ్గరికొచ్చే ఫోన్లలో చాలావాటిలో పిల్లలు నాన్న నంబరుతోనే లాగినై ఉంటారు. ఓటీపీ చెప్పిందెవరు? ఆయనే.

ఇంకో సంగతి, చెప్తే గ్రూపులోంచి తీసేస్తారేమో. పిల్లల ఫోన్లు ఎట్టా వస్తాయో నాకు తెలుసు, చార్జింగ్ పెట్టి ఆడీ ఆడీ బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచిపోయి వస్తాయి. పెద్దల ఫోన్లు ఎట్టా వస్తాయో కూడా తెలుసు. డిస్‌ప్లే మార్చి స్విచాన్ చెయ్యగానే పైనుంచి దిగుతాయి మెసేజ్‌లు, రమ్మీలో మీకు బోనస్ అని, ఈ రంగు మీద కాస్తే రెట్టింపు అని. మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పేకాటల్ని 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటల్ని వేరు చేసి నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, అంటే పోటీలుగా ఆడే వీడియో గేముల్ని, క్రీడలుగా గుర్తించింది. చట్టానికి తెలిసిన తేడా ఈ మెసేజ్‌కు తెలియదు. పిల్లాడి తుపాకీ బొమ్మను చూసి హంతకుడంటుంది, ఐపీఎల్ వస్తే పొలం కాగితాల దాకా వెళ్లే పెద్దమనిషి గురించి ఒక్క ముక్క ఉండదు. రాసింది ఆయనే అయితే ఎందుకుంటుంది?

సరే, ఏడోది. "మన ఆటలకు ముగింపు ఉండేది." దీన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. కుదరలేదు. ఇది నిజం.

సూపర్ మారియోలో ఎనిమిది ప్రపంచాలు, ఒక్కోదాంట్లో నాలుగు స్టేజీలు, మొత్తం 32. రాకుమారి దొరికిందా, కథ అయిపోయినట్టే. 1985లో వచ్చిన ఆ ఆట మొత్తం సైజు 40 కిలోబైట్లు, ఈ మెసేజ్‌తో వచ్చిన ఏడుపు బొమ్మ అంతకన్నా పెద్దది. సేవ్ చేసుకునే దారి లేదు. కరెంటు పోతే మొదటికే. కానీ రేపు రాకపోతే నష్టపోతావని ఆ ఆట ఎప్పుడూ బెదిరించలేదు. ఇప్పుడు చాలా ఫ్రీ ఆటలకు చివర అనేదే లేదు. సీజన్ మీద సీజన్. రోజూ తెరిస్తే ఒక బహుమతి, ఒక్కరోజు మానితే వరస తెగిపోతుంది. ఆట ఫ్రీయే, తొడుక్కునే చొక్కాకు, తుపాకీ రంగుకు డబ్బులు. ఏ పెట్టెలో ఏం వస్తుందో తెలియకుండా కొనిపించే పద్ధతిని బెల్జియం 2018లోనే జూదమంది. ముస్తఫా మిషన్ బిళ్లలు మింగేది గానీ, షాపు షట్టర్ వేశాక మన దుప్పట్లోకి వచ్చి రమ్మని పిలిచేది కాదు. డబ్బు పెట్టి కొనుక్కుని ఒకసారి పూర్తిచేసే ఆటలు ఇప్పటికీ వస్తున్నాయి, అయితే మన పిలకాయల ఫోన్లలో ఉండేవి అవి కావు.

కాబట్టి బావా, మళ్లీ పంపాలనిపిస్తే ఆ ఏడో పాయింటు ఒక్కటీ ఉంచి పంపు, నేనే ముందు దండం పెడతా. ఆరోది ఉంచి పంపితే మాత్రం కింద నా షాపు నంబరు కూడా వెయ్యి. కాంబోలు స్టాకున్నాయి.