లూప్ పెడల్ సారుకు వంత పాడేవాడి దండాలు

సారూ, కాలితో నొక్కితే విన్న చప్పుడును పట్టుకుని మళ్లీ మళ్లీ వినిపించే డబ్బావి నువ్వు, ముందు నీ గొప్పలే చెప్తా. నువ్వు టీ అడగవు, బస్సు చార్జీ అడగవు, మధ్యలో బీడీకని లేచిపోవు, వెనక వరసలో కూచుని గొంతు బాగాలేదని గొణగవు. ఒగ్గు కథల్లో డోలు కొడుతూ వంత పాడి బతికే నాకు నువ్వు పోటీ కూడా కాదు, నా మీద ఆఫీసరువి. అందుకే ఈ ఉత్తరం నల్లగొండ నుంచి నేరుగా నీకే రాస్తున్నా. నిన్ను కాళ్ల దగ్గర పెట్టుకుని తిరిగే మా మేనల్లుడికి చెప్తే వినడు, చెవుల్లో వైర్లుంటాయి.

వాడు నీతో పాట కట్టే తీరు చూసి నాకే మతిపోయింది, అది దాచను. ఖాళీ వాటర్ క్యాన్ బోర్లించి నాలుగు దెబ్బలు కొట్టి నిన్ను కాలితో నొక్కుతాడు, చెయ్యి తీసేసినా దెబ్బలు నడుస్తూనే ఉంటాయి. వాటి మీద డబ్బాలో బియ్యం పోసి గలగలలాడించినది, దాని మీద స్టీలు బిందె, నోటితో చేసే ధుంధుం, ఆఖరికి గిటారు. మా ఇళ్లల్లో బిందె అంత చప్పుడు చేసిందంటే పక్కింటివాళ్లు కొట్లాట ఆపడానికి వస్తారు. వీడికి మాత్రం చప్పట్లు.

అయితే నీ గుణం ఒకటుంది. మొదటిసారి నొక్కినదానికీ రెండోసారి నొక్కినదానికీ మధ్య ఎంతసేపు గడిచిందో అంతే నీ లోకం, పాటంతా అందులోనే తిరగాలి. కాలు రవ్వంత ఆలస్యమైందా, ఆ కుంటితనం ఆఖరిదాకా ప్రతి చుట్టులోనూ కుంటుతుంది. మొన్న గణేశ్ మండపంలో మనవాడు మైకు ముందు ఈలవేసి నిన్ను నొక్కిన సమయానికే కమిటీ పెద్దమనిషి పక్క మైకులో "తెల్ల కారు ఎవరిదో గని, దారికడ్డమున్నది, జర తీయుండ్రి" అన్నాడు. నువ్వు ఏం తక్కువ చేశావు? ఈలతో పాటు కారును కూడా లోపలేసుకున్నావు. కారాయన వచ్చి బండి తీసి వెళ్లిపోయినా నువ్వు తీయమని అడుగుతూనే ఉన్నావు. వాడేమో తడబడి దాని మీద ఇంకో పొర వేశాడు, ఇక వెనక్కి తీసే మీట నొక్కితే పైపొర పోయింది గానీ కారు పోలేదు. పిల్లలు "కారు" అన్న మాట వచ్చినప్పుడల్లా ఎగరడం మొదలుపెట్టారు. ఆ రాత్రి హిట్టయింది అదొక్కటే.

మాకూ తప్పులు వస్తాయి సారూ, కానీ మా తప్పు ఒక్కసారే. మల్లన్న కథలో ప్రధాన కథకుడు చరణం మర్చిపోతే వంతవాడు "అట్లనా అయ్యా, మళ్లేమాయె?" అని అడిగి ఊపిరి తీసుకునే వ్యవధి ఇస్తాడు, జనానికి అది కథలో భాగమే అనిపిస్తుంది. కథలో ఏడుపు వస్తే డోలు తగ్గుతుంది, కొట్లాట వస్తే పరుగెడుతుంది, ముసలమ్మలు కునుకు తీస్తున్నారనిపిస్తే ఉన్నట్టుండి ఒక దెబ్బ గట్టిగా పడుతుంది. నీకు మర్చిపోయినవాడూ ఒకటే, నిద్రపోయినవాడూ ఒకటే.

నువ్వేదో నిన్న పుట్టావని కూడా అనుకోను. 1960లలోనే అమెరికా సంగీతకారుడు టెర్రీ రైలీ రెండు టేపు రికార్డర్ల మధ్య ఒకే టేపు తిప్పి తన వాయిద్యానికి తనే తోడయ్యాడు. ఇలాంటి లూపుల మీదే పేరు తెచ్చుకున్న ఇంగ్లండ్ గాయకుడు ఎడ్ షీరన్ 2025 ఫిబ్రవరిలో రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చి పాడాడు, అంటే మేం హైదరాబాద్ వెళ్లే దారి పక్కనే. అన్నిటికీ సంతోషమే. ఒక్కటే అర్థం కాదు. నీతో పాడేవాణ్ణి "ఒక్కడే మొత్తం చేస్తాడు" అంటారు. మరి నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర మీటుతూ పండుగ సాయన్న కథ పాడితే వెనక ఏ డబ్బా ఉంది? నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్ప బుర్రవీణకు కరెంటు ఎక్కడ పెట్టాలి? వెదురు, ఎండు సొరకాయ బుర్ర, తీగలు, గొంతు. ఒకరికి 2022లో, ఇంకొకరికి 2024లో పద్మశ్రీలు వచ్చాయి, అది నిజం. అయినా ఫంక్షన్ పెట్టేవాళ్లు అలాంటివాళ్లను పిలిస్తే శాలువా కప్పి "పాపం, కళాకారుడు" అంటారు, నిన్ను పిలిస్తే అడ్వాన్స్ పంపుతారు.

అసలు నీ మీద మోజంతా అక్కడే ఉందని నా అనుమానం. ఏడుగురికి అన్నం పెట్టి బండి కట్టే బదులు ఒక్కడిని పిలిస్తే సరిపోయింది కదా. మరి ఆ మిగిలిన డబ్బు మావాడికైనా ఇచ్చారా అంటే, "ఒక్కడివే కదా బాబూ" అని అందులోనూ కోసేశారు. ఏడుగురి పని, ఒకడి కూలి, పైగా నిన్ను కొన్న ఈఎంఐ వాడిదే. ఈ లెక్క నీ లోపలైనా ఎక్కడో రికార్డయి ఉంటే ఒకసారి తిప్పి వినిపించు, కమిటీ వాళ్లందరూ ఉన్నప్పుడు.

వచ్చే వారం దేవరకొండలో పెళ్లికి నువ్వు వస్తున్నావని తెలిసింది. నన్ను కూడా పిలిచారు. డోలు తెచ్చుకోనా అని అడిగితే, "అది ఇంట్లనే పెట్టు మామా, స్పీకర్లు మోసేటందుకు ఒక మనిషి తక్కువైండు" అన్నాడు మేనల్లుడు. వస్తున్నా సారూ. ఎక్స్‌టెన్షన్ బాక్సు నా చేతిలోనే ఉంటుంది.