మొదటి కిట్ చవకది కొనమని చెప్పేవాళ్లకు ఒక దండం

మిలటరీ మోడలింగ్ (యుద్ధ ట్యాంకులు, విమానాల చిన్న ప్లాస్టిక్ నమూనాలు చేసే హాబీ) మొదలుపెడదామనుకుంటున్నా, ఏ కిట్ కొనాలి అని ఎవరైనా అడగడమే ఆలస్యం, పదిమంది పది మూలల నుంచి ఒకటే జవాబు. "ఏదో ఒక పాత చవక కిట్ తీసుకో. పాడైపోయినా బాధుండదు." వినడానికి పెద్దమనిషి మాటలా ఉంటుంది కానీ ఇంతకు మించిన చెడ్డ సలహా ఈ హాబీలో లేదని నా గట్టి నమ్మకం. కొత్తవాళ్లు మొదటి కిట్‌తోనే దండం పెట్టి వెళ్లిపోతున్నారంటే అందులో సగం పాపం ఈ సలహాదే.

ప్లాస్టిక్ కిట్ అంటే ఏంటి? ఉక్కు అచ్చులోకి కరిగిన పాలీస్టైరీన్‌ని ఒత్తిడితో ఎక్కించి తీసిన ముక్కలు. ఆ అచ్చు చేయించడానికి బోలెడు ఖర్చు. అందుకే ఒకసారి చేయించిన అచ్చుని కంపెనీలు దశాబ్దాల తరబడి వాడుకుంటాయి. పెట్టె మీద బొమ్మ మారుతుంది, డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అతికించే గుర్తుల స్టిక్కర్లు) మారతాయి, కొన్నిసార్లు పెట్టె మీద కంపెనీ పేరు కూడా మారుతుంది. లోపలున్న ప్లాస్టిక్ మాత్రం 1970ల నాటి అచ్చులోంచే వస్తుంటుంది. అచ్చు అరిగిపోతే ముక్కల అంచుల వెంట పలచటి పొరలా అదనపు ప్లాస్టిక్ వేలాడుతుంది. దాన్నే ఫ్లాష్ అంటారు. విమానం రెక్క ఒంటికి అతికే చోట గోరు దూరేంత సందు. ట్యాంకు మీద తిరిగే టరెట్ రెండు సగాలు కలిపితే ఒకటి కాస్త పొడుగు, ఒకటి కాస్త పొట్టి.

చెయ్యి తిరిగినవాడికి ఇదంతా ఒక సాయంత్రం పని. పుట్టీ పెడతాడు, ఆరాక రుద్దుతాడు, కిట్‌ని నాలుగు తిట్లు తిట్టి ముందుకెళ్తాడు. కొత్తవాడికి మాత్రం తప్పు అచ్చుదని తెలియదు. తన చేతిలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. సూచనల కాగితంలో రెండు ముక్కలు చక్కగా అతుక్కున్న బొమ్మ ఉంటుంది, తన ముందేమో నోరు తెరిచిన రెక్క. "ఇది మనవల్ల కాదులే" అని పెట్టె మూసేస్తాడు. పాడైనా బాధుండదని ఇప్పించిన కిట్ మనిషినే పోగొట్టింది.

నా వాదన దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి కిట్‌కే బాగా అతికే కిట్ కావాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే పనిముట్లలో తగ్గించుకోండి, రంగుల్లో తగ్గించుకోండి, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌ని పూర్తిగా వాయిదా వేయండి. కిట్ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. కొనేముందు స్కేల్‌మేట్స్ సైట్‌లో ఆ కిట్ పేరు కొట్టి చూడండి. అచ్చు ఏ ఏడాది మొదటిసారి వచ్చింది, తర్వాత ఎన్ని పెట్టెలు మారింది, అంతా వరసగా కనిపిస్తుంది. "కొత్త" అని మెరిసే పెట్టెల అసలు వయసు చూసి నవ్వొస్తుంది.

పాత కిట్లంటే నాకు పగేమీ లేదు. వాటి కథ భలేగా ఉంటుంది. జపాన్ కంపెనీ టామియా వాళ్ల పాత 1/35 (అసలులో 35వ వంతు సైజు) ట్యాంకు కొన్నవాళ్లు అడుగు భాగం తిప్పి చూస్తే అక్కడ అర్థంకాని రంధ్రాలు కనిపిస్తాయి. అసలు ట్యాంకులో అలాంటివేం లేవు. ఆ కిట్లు మోటారు పెట్టి నేల మీద నడిపించే బొమ్మలుగా పుట్టాయి, ఆ రంధ్రాలు స్విచ్చుల కోసం. ఆ మాటకొస్తే 1/35 అనే స్కేలే అలా పుట్టింది. 1960ల మొదట్లో టామియా వాళ్లు పాంథర్ ట్యాంకు చేస్తూ మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు చూసుకున్నారు. తర్వాత కొలిస్తే అది దాదాపు 1/35 అయింది. ఇవాళ ప్రపంచమంతా ట్యాంకులు ఎక్కువగా ఆ లెక్కలోనే చేస్తోంది. 1/72కి కాస్త పద్ధతైన లెక్కుంది, అసలులో ఆరడుగులకి మోడల్‌లో ఒక అంగుళం. 1/48లో నాలుగడుగులకి ఒక అంగుళం. తొమ్మిది మీటర్లు దాటిన స్పిట్‌ఫైర్ 1/72లో పదమూడు సెంటీమీటర్లు కూడా ఉండదు, 1/48లో పంతొమ్మిది. 263 మీటర్ల యమటో యుద్ధనౌక 1/350లో 75 సెంటీమీటర్లు. అది కొనేముందు పెట్టే చోటు కొలుచుకోండి. ఈ సంగతులన్నీ ముద్దుగా ఉంటాయి కానీ కొత్తవాడి బల్ల మీద ఆ పాత కిట్‌కి మాత్రం పనిలేదు.

మరి ఏది కొనాలి? నన్నడిగితే 1/35లో ఒకే రంగు ట్యాంకు. ఈమధ్య అచ్చుల్లో టామియా వాళ్ల అమెరికన్ షెర్మన్ 'ఈజీ ఎయిట్' లాంటిది. ఒళ్లంతా ఆలివ్ డ్రాబ్ అనే మట్టి ఆకుపచ్చ, ట్రాకు (చక్రాల చుట్టూ తిరిగే పట్టా) ఒకే బెల్టుగా వస్తుంది, ముక్కలు గూట్లోకి పడ్డట్టు పడతాయి. విమానం కన్నా ట్యాంకు ఎందుకంటారా? విమానానికి కాక్‌పిట్ మీద పారదర్శకమైన కానపీ ఉంటుంది. దాన్ని అతికించాలి, రంగు వేసేటప్పుడు అద్దానికి అంటకుండా ఫ్రేముల మధ్య టేపుతో మాస్కింగ్ చెయ్యాలి. సూపర్ గ్లూ వాడారా, తెల్లారేసరికి అద్దమంతా తెల్లగా మసకబారి కూర్చుంటుంది. దానికి వాడాల్సింది తెల్లటి పీవీఏ జిగురు. పైగా విమానం ఒళ్లు నున్నగా ఉంటుంది, అతుకు గీత ఎక్కడున్నా కంటికి కొడుతుంది. ట్యాంకులో సగం తప్పులు మట్టి కింద దాక్కుంటాయి. విమానమే కావాలనుకుంటే 1/72లో కొత్త అచ్చు ఫైటర్ ఏదైనా తీసుకోండి, పర్లేదు. రెండు రెక్కల పాత విమానాలు, వాటి మధ్య తీగలు లాగే పని మాత్రం ఇప్పుడే వద్దు.

కానీ కొత్తవాళ్లంతా చెయ్యి పెట్టేది రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టైగర్ ట్యాంకు మీద. తయారైన టైగర్-1లు మొత్తం కలిపి 1,350 దాకా, షెర్మన్లు 49 వేల పైచిలుకు. కిట్ల అలమరా చూస్తే యుద్ధంలో లెక్క రివర్స్‌లో ఉందేమో అనిపిస్తుంది. మొదటి రకం టైగర్‌కి ఒక్కో వైపు ఎనిమిది ఇరుసులు, ఇరుసుకి మూడు చక్రాలు, మొత్తం 48. అన్నీ కత్తిరించాలి, చుట్టూ అచ్చు గీత గీకాలి, అంచున రబ్బరుకి వేరే రంగు వెయ్యాలి, ఒకదాని వెనక ఒకటి దూర్చి పెట్టాలి. పదిహేనో చక్రం దగ్గరే ఆసక్తి చచ్చిపోతుంది.

పనిముట్ల గురించి జనం చెప్పే జాబితాలు చూస్తే ఆపరేషన్ థియేటర్ పెడుతున్నారా అనిపిస్తుంది. కావాల్సినవి: ఒక వైపు చదునుగా ఉండే సన్న కట్టర్, బ్లేడు మార్చుకునే కత్తి, 400 నుంచి 1000 నంబరు దాకా రకరకాల గరుకు కాగితాలు, ప్లాస్టిక్ ముక్కలు అతికించే పలచటి మోడలింగ్ సిమెంట్, రెండు మంచి బ్రష్షులు. అంతే. ఫొటో ఎచ్ ఇత్తడి ముక్కలు, లోహపు తుపాకీ గొట్టాలు, రెసిన్ చక్రాలు ఇప్పుడెవరైనా కొనమంటే వాళ్ల ఫోన్ ఎత్తకండి.

పలచటి సిమెంట్ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం మంది దీన్ని తప్పుగా వాడతారు. ఇది జిగురు కాదు. ఇది ప్లాస్టిక్‌ని కరిగిస్తుంది. ముక్కకి పూసి అతికించడం కాదు పద్ధతి. ముందు రెండు ముక్కలూ పొడిగా కలిపి చూడండి, సరిపోయాయా లేదా అని. సరిపోతే అలాగే పట్టుకుని, సీసా మూతకున్న బ్రష్ కొసని అతుకు గీతకి తాకించండి చాలు. ద్రవం తనంతట తానే సందులోకి పాకుతూ వెళ్తుంది. ఆ గీత తడిగా నల్లబడి ముందుకు సాగడం కంటికి కనిపిస్తుంది. కొన్ని సెకన్లు ఆగి మెల్లగా నొక్కితే, కరిగిన ప్లాస్టిక్ అతుకు పొడవునా సన్న పూసలా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకండి, ముట్టుకోకండి, మీ వేలిముద్ర శాశ్వతంగా అచ్చుపడుతుంది. ఒక రోజు వదిలేసి, గట్టిపడ్డాక ఆ పూసని గరుకు కాగితంతో రుద్దేయండి. అతుకే ఉండదు, రెండు ముక్కలూ ఒకే ప్లాస్టిక్ అయిపోయాయి. మొదటిసారి ఇది జరిగినప్పుడు వచ్చే ఆనందం కోసమే బాగా అతికే కిట్ కొనమంటున్నా. వెడల్పాటి సందులున్న కిట్‌లో సిమెంట్ ఇలా పాకదు.

ముక్కని, అది అంటుకుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి కోసేటప్పుడూ ఇంతే, తొందర వద్దు. ముక్కని ఆనుకుని ఒకే దెబ్బకి కోస్తే అక్కడ ప్లాస్టిక్ తెల్లబడి గుంట పడుతుంది. ముందు దూరంగా కొయ్యండి, మిగిలిన మొండి ముక్కని రెండోసారి కొయ్యండి, ఆఖర్న రుద్దండి.

రంగుకి వద్దాం. స్ప్రే డబ్బా ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి వేసే అడుగు పూత) కొట్టి, తర్వాత బ్రష్‌తో పలచగా రెండు మూడు పూతలు. మొదటి పూత ఘోరంగా ఉంటుంది, కింది ప్లాస్టిక్ చారలు చారలుగా కనిపిస్తుంది. అక్కడ కంగారుపడి చిక్కగా పూశారంటే రివెట్లన్నీ మునిగిపోతాయి. ఆరనిచ్చి ఇంకో పూత. బ్రష్‌తో వేసేవాళ్లకి వయెహో లాంటి నీటి రంగులు హాయి. టామియా అక్రిలిక్స్ ఎయిర్‌బ్రష్‌లో అద్భుతం, బ్రష్‌తో వేస్తే త్వరగా ఆరి, రెండో పూత మొదటి పూతని లేపుతుంది. డెకాల్స్‌కి ముందు నున్నగా మెరిసే గ్లాసీ వార్నిష్ తప్పనిసరి. గరుకు రంగు మీద డెకాల్ పెడితే కింద గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది, తర్వాత పోగొట్టడం కష్టం. అదే గ్లాసీ పూత మీద పలచటి ముదురు గోధుమ వాష్ (నీళ్లలా పలచన చేసిన రంగు) రివెట్ల చుట్టూ తాకిస్తే, బొమ్మ కాస్తా యంత్రం అయిపోతుంది. చివర్లో మ్యాట్ వార్నిష్.

ఇక వెదరింగ్, అంటే వాడకంతో వచ్చే మురికి, తుప్పు, అరుగుదల రంగులతో చూపించడం. ఇక్కడ నా బీపీ పెరుగుతుంది. ప్రతి బండికీ నారింజ రంగు తుప్పు! ఆఖరికి ఫైటర్ విమానాల రెక్కల మీద కూడా. అయ్యా, ఆ రెక్క అల్యూమినియం. దానికి ఎర్ర తుప్పు పట్టదు. పెయింట్ లేస్తే వెండి రంగు లోహమో, లోపలి ప్రైమరో కనిపిస్తుంది. ట్యాంకు సైలెన్సర్‌కి తుప్పు పెట్టండి, బాగుంటుంది. నడుస్తున్న ట్యాంకు ట్రాకులో నేలని తాకే భాగం రాపిడికి మెరుస్తుంది, అక్కడ తుప్పు నిలవదు. ఎక్కడ అరుగుతుంది, సైనికుడి బూటు ఎక్కడ పడుతుంది, బురద ఎంత ఎత్తుకి ఎగురుతుంది, ఇది ఆలోచించి వేస్తే కొంచెం వేసినా చాలు.

"ఆ షేడ్ తప్పు" అనేవాళ్లు కూడా తగులుతారు, వాళ్లకోసం ఒక ముక్క. 1943 ఫిబ్రవరి నుంచి జర్మన్ బండ్లకి ముదురు పసుపు వచ్చింది. దాని మీద మభ్యపెట్టే ఆకుపచ్చ, గోధుమ రంగులు డబ్బాల్లో ముద్దగా దళాలకి వెళ్లేవి. అక్కడ సిబ్బంది పెట్రోలో నీళ్లో కలిపి పలచన చేసుకుని వేసుకునేవారు. ఎవడు ఎంత కలిపాడో, ఎండకి ఎంత వెలిసిందో! ఒకే దళంలో రెండు ట్యాంకులు ఒకేలా లేనప్పుడు, మీ డబ్బాలో ఉన్న షేడ్ ఒక్కటే సత్యమని ఎవరైనా వాదిస్తే నవ్వి వదిలేయండి.

యుద్ధం బొమ్మలేంటి అని అడిగేవాళ్లూ ఉంటారు. నేనైతే ట్యాంకు చేస్తున్నప్పుడే టీ-34 కవచం ఎందుకు ఏటవాలుగా ఉందో, లోపల మనుషులు ఎంత ఇరుకులో కూర్చున్నారో మొదటిసారి చేత్తో తెలుసుకున్నా. దాన్ని యుద్ధం మీద మోజు అనుకునేవాళ్లని అనుకోనిస్తా.

మర్చిపోయా, జాగ్రత్తలు. సిమెంట్, స్ప్రే డబ్బా వాడేటప్పుడు కిటికీ తెరవండి. స్ప్రే చేసేటప్పుడు ఆవిరి ఆపే మాస్క్ పెట్టుకోండి, గుడ్డ మాస్క్ దానికి పనికిరాదు. మొద్దుబారిన బ్లేడు కొత్త బ్లేడు కంటే ప్రమాదం, బలం పెట్టి నొక్కుతాం కాబట్టి అది జారుతుంది. కత్తి బల్ల మీంచి దొర్లి పడుతుంటే మాత్రం పట్టుకోబోకండి, కాళ్లు వెనక్కి లాక్కోండి.